చెవులు తెచ్చిన బిడ్డలు

అనగా అనగా, కొండ కింద ఒక ఊళ్ళో, తెల్లవారి ఐదున్నరకు, సిద్దమ్మ అనే ముసలావిడ గొర్రెల దొడ్డి ఊడుస్తోంది. దొడ్డిలో గొర్రెలు లేవు. మంద మేతకు కొండ మీదికి పోయి చాలా రోజులైంది. ఇంట్లో ఉన్నవి కొన్ని చూడి గొర్రెలు మాత్రమే, అవి వెదురు తడికల గూడులో ఉన్నాయి. అయినా ఆమె రోజూ దొడ్డి ఊడుస్తుంది. అదీ అలవాటు, ఏం చేస్తాం చెప్పు.

ఆమె మొగుడి పేరు బీరలింగప్ప. ఒకప్పుడు కొండంతా ఆయన కేకకే పలికేది. అటువంటి మనిషి ఒక వానకాలం బండ మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. దానికి తోడు కళ్ళలో పొర కమ్మింది. అరుగు మీద కంబళి పరుచుకుని కూర్చోవడమే ఇక ఆయన పని.

వాళ్ళకు ముగ్గురు బిడ్డలు. పెద్దకొడుకు కరియప్ప, చిన్నకొడుకు మాళప్ప, కూతురు హనుమక్క. ముగ్గురికీ పెళ్ళిళ్ళయ్యాయి. పెళ్ళినాడు ఒక్కొక్కరికి గొర్రెలు పంచి ఇచ్చాడు బీరలింగప్ప. ఇవ్వని తండ్రి కాదు, అది గుర్తుపెట్టుకో.

కాలు విరిగిన రోజు ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు. నాయనా, నువ్వు కూర్చో, మందను మేం చూసుకుంటాం అన్నారు. ముసలాళ్ళిద్దరికీ కడుపు నిండిపోయింది. ఎట్లా చూసుకున్నారో ఇప్పుడు విను.

ఆ సీమలో గొర్రెలోళ్ళకు ఒక కట్టు ఉంది. గొర్రెపిల్ల పుట్టిన నెలకు ఇంటి పెద్ద దాని ఎడమ చెవి అంచున గాటు పెడతాడు. ఒక్కో ఇంటికి ఒక్కో తీరు గాటు. బీరలింగప్ప ఇంటి గుర్తు పిట్ట తోకలాగా చీలి ఉంటుంది. ఆ గుర్తు చూసి ఇది ఫలానావాళ్ళ గొర్రె అంటారు. గుర్తు లేని పిల్ల ఎవరి మందలో ఉంటే వాళ్ళదే.

ఇంకొక కట్టు కూడా ఉంది. మేతకు పోయిన చోట గొర్రె చచ్చిపోతే, తోలుకుపోయినవాడు దాని ఎడమ చెవి తెచ్చి ఇంటి పెద్దకు చూపించాలి. చెవి తెచ్చాడంటే నిజం చెప్పాడన్నట్టే. ఆ పైన ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యరు.

సరే. కార్తీక మాసంలో ఆ రోజు సిద్దమ్మ దొడ్డి ఊడుస్తుంటే కరియప్ప వచ్చాడు. చేతిలో గోనెసంచి ఉంది. తల వంచుకుని నాయన ముందు దాన్ని విప్పాడు. అందులో అన్నీ చెవులు. గాలికుంటు రోగం వచ్చిందనీ, మందలో కొన్ని పోయాయనీ చెప్పాడు. తోళ్ళు ఏవిరా అని బీరలింగప్ప అడిగాడు. రోగమొచ్చిన జీవాలు గదా, తోలు ఒలవకుండా పూడ్చేశామన్నాడు కొడుకు.

అప్పుడు సిద్దమ్మ ఆ చెవుల్ని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. నల్ల మచ్చ ఉన్న చెవి చుక్కది. అంచు ఎర్రగా ఉన్నది రాగమ్మది. మెత్తగా చిన్నగా ఉన్నది బుడ్డిది. బుడ్డి తల్లి లేని పిల్ల. సిద్దమ్మ దాన్ని మేకపాలు పట్టి పెంచింది, ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఆ చెవిని కళ్ళకు అద్దుకుని ఆమె ఏడ్చిన ఏడుపు చూసి కరియప్ప కూడా కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాడు కన్నా, ఆ పని కూడా చేశాడు.

ఆ తర్వాత ఆమె చెవులకు పసుపు రాసి దొడ్డి మూల పాతిపెట్టింది. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

పుష్యంలో మాళప్ప వచ్చాడు. వాడి చేతిలోనూ సంచి. ఈసారి తోడేళ్ళన్నాడు. సిద్దమ్మ మళ్ళీ ఒక్కొక్క చెవినీ పేరుపెట్టి పిలిచింది, మళ్ళీ పసుపు రాసింది, మళ్ళీ పస్తు ఉంది.

మాఘం పోయాక హనుమక్క వచ్చింది. కొండ మీద పిడుగు పడిందనీ, చింతచెట్టు కింద నిలబడ్డవన్నీ మాడిపోయాయనీ చెప్పింది. ఆమె అన్నలకంటే తెలివిగలది. సంచి అమ్మకిచ్చి, తను అరుగు మీదికెక్కి, నాయన కాలికి ఆముదం రాస్తూ కూర్చుంది. రాస్తూ రాస్తూ మెల్లిగా ఒక మాట వదిలింది.

"నాయనా, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. నీ చేతి గుర్తు అచ్చిరాలేదేమో. గుర్తు పడినవే పోతా ఉండాయి. ఈతూరి పుట్టిన పిల్లలకు చెవి కోయొద్దులే. ఉగాది కాగానే మేమొచ్చి, అట్లనే తోలుకుపోతాం."

బీరలింగప్ప తన కుడిచేతిని కళ్ళ దగ్గరకు తెచ్చుకుని చూసుకున్నాడు. పొర కమ్మిన కళ్ళకు ఏం కనిపిస్తుంది? అయినా చూసుకున్నాడు. ఆ తర్వాత గాట్లు పెట్టే చిన్న కత్తిని చూరులో దోపేశాడు.

ఆ రోజు నుంచి ఆయన ఆ చేత్తో ముద్ద ఎత్తలేదు. పాపం ఈ చేతిలోనే ఉంది, దీంతో తిననన్నాడు. సిద్దమ్మ సంగటి ముద్ద చేసి చిన్నపిల్లాడికి పెట్టినట్టు నోట్లో పెట్టేది. రెండు ముద్దలు తిని చాలనేవాడు. మనిషి రోజురోజుకీ కరిగిపోయాడు. గూడులో పిల్లలు ఏ గుర్తూ లేకుండా పెరుగుతున్నాయి. ఉగాది దగ్గరికొస్తోంది. ఆ పిల్లలూ వాటి తల్లులూ కూడా కొండెక్కితే ఇక ముసలాళ్ళకు మిగిలేది ఊడ్చిన దొడ్డి.

ఉగాదికి ముందు ఆ ఊరి సంత జరగలేదు. జాతర వచ్చి ఆపేశారు. సిద్దమ్మ దగ్గర వడికిన ఉన్ని నూలు ఉంది. అది అమ్మితే గానీ రాగులు రావు. అందుకని ఆమె ఎన్నడూ పోని కొండ అవతలి సంతకు, నూలు మూట నెత్తిన పెట్టుకుని నడిచిపోయింది.

అక్కడ గొర్రెలమ్మే చోటు దాటుతుండగా వెనక నుంచి ఎవరో చీర లాగారు. తిరిగి చూస్తే గొర్రె. ఒడికట్టులో మూతి పెట్టి వెతుక్కుంటోంది. ఆమె ఎప్పుడూ ఒడిలో వేరుశెనక్కాయలు పోసుకుంటుంది, ఆ సంగతి ఒక్క గొర్రెకే తెలుసు. ఆ గొర్రెకు ఎడమ చెవి లేదు. మొదలంటా లేదు.

సిద్దమ్మ మూట కింద పెట్టి, దాని ముఖం రెండు చేతుల్లో పట్టుకుంది. అది బుడ్డి.

తల ఎత్తి చూసింది. బుడ్డి వెనక తాడుకు కట్టిన గొర్రెలన్నీ అట్లాగే ఉన్నాయి. చుక్క ఉంది, రాగమ్మ ఉంది, పిడుగుకు మాడిపోయిన గంగ కూడా ఉంది. ఒక్కదానికీ ఎడమ చెవి లేదు.

అర్థమైందా నీకు? చెవి కోస్తే చచ్చిందని సాక్ష్యం తయారైంది. అదే కోతతో గుర్తూ పోయింది, ఇక ఎవరి గొర్రె అని ఎవరూ చెప్పలేరు. ఒక్క కత్తివేటుకు రెండు పనులు. గొర్రెలకు నొప్పి పుట్టలేదా అంటావా? పుట్టింది కన్నా. బతికున్న గొర్రెలు గదా.

తాడు చివర హనుమక్క కూర్చుని ఉంది. పక్కన అన్నలిద్దరూ ఎవరో బేరగాడితో మాట్లాడుతున్నారు. అమ్మను చూసి అన్నలు బేరం మధ్యలో ఆపేశారు. ముందుగా తేరుకున్నది కూతురే.

"ఏమ్మా, ఇంత దూరం నడిచొస్తివా? ఇవి మేము కొన్న గొర్రెలమ్మా."

"చెవులేవే?" అంది సిద్దమ్మ.

"కుక్క కరిచింది."

"అన్నిటికీ ఎడమ చెవే కరిచిందా? మంచి కుక్కే. దానికి పాలిచ్చి పెంచింది నేనేనేమోలే."

బేరగాడు మెల్లిగా తన డబ్బు సంచి నడుముకు కట్టుకుని పక్కకు జరిగాడు. చుట్టూ మనుషులు చేరారు. హనుమక్కకు ఇక దాచే దారి లేదు. అప్పుడు గొంతు మార్చి, ఎప్పటికైనా ఇవి మాకు రావాల్సినవే గదా, మీరెన్నాళ్ళుంటారు, కొంచెం ముందుగా తీసుకున్నాం, దానికింత రచ్చ ఎందుకంది. అన్నలు అవునన్నట్టు తలూపారు. తలూపడం వరకు వాళ్ళకు బాగా వచ్చు.

సిద్దమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అడగాల్సింది అడిగింది.

"ఎప్పటికైనా మీవే. అడిగింటే ఆ పొద్దే ఇస్తా ఉంటిమి గదమ్మీ. గొర్రెల్ని తీసుకుంటిరి, సరే. నన్ను ఎందుకు ఏడిపిస్తిరి? మీ నాయన చెయ్యి ఎందుకు ఇరగ్గొడితిరి? చెయ్యి ఇరగలేదంటావేమో, ఆ చేత్తో ఆయన కూడు తినేది మానేసినాడే."

ఆమె వంగి తాడు విప్పింది. నాలుకను అంగిలికి తాటించి పిలుపు పిలిచింది. గొర్రెలన్నీ ఒక్కసారిగా ఆమె చుట్టూ చేరాయి.

అప్పుడు కరియప్ప ముందుకొచ్చి తాడు పట్టుకున్నాడు. జనం ముందు పరువు పోయిందనే కోపం వాడికి. సిద్దమ్మ వాడి ముఖంలోకి చూసింది. జుట్టు పక్కకు తోసి, ఎడమ చెవి చూపించింది.

"కత్తి ఉండాదా నడుములో? ఇది గూడా కోసుకో. మీ నాయనకు తీసకపోయి ఇయ్యి. అమ్మను తోడేలు తినిందని చెప్పు. నువ్వు చెవి తెస్తే ఆయన నమ్ముతాడు."

వాడి చేతిలోంచి తాడు జారిపోయింది.

ఆ తర్వాత సిద్దమ్మ ముందు, గొర్రెలు వెనక, కొండ దిగి ఇంటికొచ్చాయి. బీరలింగప్ప అరుగు మీదే ఉన్నాడు. ఆమె బుడ్డిని తెచ్చి ఆయన మోకాళ్ళ మధ్య నిలబెట్టి, ఆయన కుడిచేతిని పట్టుకుని దాని తల మీద పెట్టింది. ఆ చెయ్యి తలంతా తడిమింది. కుడి చెవి దగ్గర ఆగింది. ఎడమ వైపుకు వచ్చింది. గట్టిపడిన కోత మీద వేళ్ళు నిలిచిపోయాయి.

"కోసింది బతికుండంగానేనా?" అన్నాడు.

"ఊఁ" అంది.

"ముగ్గురూనా?"

"ముగ్గురూ."

ఆయన చూరులో కత్తి ఇమ్మన్నాడు. సిద్దమ్మ పసుపూ ఆముదమూ కలిపి తెచ్చింది. గూడులోని పిల్లల్ని ఒక్కొక్కటే ఆయన ఒళ్ళో పెట్టింది. కళ్ళతో పని లేకుండా, వేళ్ళతోనే చూసుకుంటూ ఆయన గాట్లు పెట్టాడు. ఈసారి కుడి చెవికి పెట్టాడు. ఎడమ చెవి మీద ఇక ఆ ఇంటికి నమ్మకం లేదు.

పని అయ్యాక చెయ్యి కడుక్కుని, గిన్నె ముందుకు లాక్కుని, తన చేత్తో తానే ముద్ద ఎత్తి తిన్నాడు. ఇంకో ముద్ద అడిగాడు. సిద్దమ్మ లోపలికి పోయి పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. అది వేరే ఏడుపులే.

సంతలో జరిగింది విని మర్నాడు కుల పెద్దలు కొండ అవతల హనుమక్క అత్తగారి ఊరికి పోయి, ఆమె దొడ్డిలో దాచగా మిగిలిన గొర్రెల్నీ, కొండ మీది మందనూ తోలుకొచ్చి ఇచ్చారు. అమ్ముడుపోయినవి పోయాయి, అవి రాలేదు. ఉగాదినాడు బిడ్డలు ముగ్గురూ వచ్చారు. బీరలింగప్ప మంచినీళ్ళు ఇప్పించాడు. మందను మాత్రం పక్కింటి కుర్రాళ్ళకు కూలికి అప్పజెప్పానని చెప్పాడు. నీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

ఇంకొన్ని రోజులకు కొండ అవతలి ఆ ఊరి నుంచి ఒకావిడ కంబళి కొనడానికి సిద్దమ్మ ఇంటికొచ్చింది. దొడ్డిలోకి తొంగి చూసి, ఓహో, ఒంటిచెవి మంద ఇక్కడికొచ్చిందా అంది. ఆ పేరేమిటని సిద్దమ్మ అడిగింది. మా ఊళ్ళో అందరం అట్లనే పిలుస్తాం, ఎవరి గొర్రెలో, చెవులు ఎందుకు కోశారో కూడా తెలుసు, ఇంటి గొడవ గదా, మనకెందుకులే అనుకున్నాం అందావిడ. ఎప్పటి నుంచి తెలుసని అడిగింది సిద్దమ్మ.

కార్తీకం నుంచి, అందావిడ.

కథ చేరింది కంచికి,
మంద చేరింది మేతకి,
దొంగ లోపలే కూర్చుంటే
తాళమెందుకు ఇంటికి?
కన్నా, ఇక నిద్ర రానీ కంటికి.