పదకొండు చీటీలు

పెంచలయ్య దగ్గర పదకొండు కార్లున్నాయి. నెల దాటినా ఒక్కటీ గేటు దాటలేదు.

నెల్లూరు మినీ బైపాస్ పక్కన మొహిద్దీన్ ఉస్తాద్ నడిపే పాత కార్ల యార్డు అది. ఉస్తాద్‌కు డెబ్బై దగ్గర పడ్డాయి. సగం జీవితం మెకానిక్‌గా, మిగతా సగం బండ్లు కొని అమ్ముతూ గడిపాడు. పెంచలయ్య ఆయన దగ్గర చేరి పదహారేళ్లయింది. పనిలో వంక పెట్టడానికి లేదు. ఇంజన్ మొత్తం విప్పి ఒక్క నట్టు మిగలకుండా బిగించగలడు. తేడా అంతా నోటి దగ్గరే. అది ఎప్పుడూ మనిషికంటే నాలుగడుగులు ముందుంటుంది.

ఉగాది వెళ్లిన వారానికి ఉస్తాద్ ముందు నిలబడి, "ఇప్పుడు గేటు దగ్గరికొచ్చి బండి చూసేవాళ్లు లేరు ఉస్తాద్. అంతా ఫోన్లోనే. ఆన్‌లైన్ సంగతి నాకొదిలేయండి. మీరు కుర్చీలో కూర్చోని టీ తాగతా ఉండండి" అన్నాడు.

ఉస్తాద్ సరేనన్నాడు. కుర్చీలో కూర్చుని టీ తాగాడు.

అప్పుడే కొత్త కార్ల ధరలు తగ్గాయి. పాత బండికి పెట్టే డబ్బుకు ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుంది కదా అని జనం ఆలోచనలో పడ్డారు. పాత బండ్ల ధరలు ఇవాళ ఒకటి, రేపు ఒకటి. అసలే అలా ఉంటే, హైదరాబాద్ కంపెనీ ఒకటి గోడౌన్ కోసం యార్డు స్థలం అడిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

ఉస్తాద్ పెంచలయ్యను పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు.

"వచ్చే నెలాఖరు దాకా వాళ్లను ఆగమన్నాను. ఈలోగా ఎనిమిది బండ్లు పోతే యార్డు నువ్వే నడుపుకో, బోర్డు మీద నీ పేరు రాయిస్తా. పోకపోతే స్థలం వాళ్లకిచ్చేస్తా. నాకు ఓపిక తగ్గిపోయింది అబ్బయ్యా."

పెంచలయ్యకు భయం వేయలేదు. "ఎనిమిదెందుకు ఉస్తాద్, పదకొండూ తోలేస్తా" అన్నాడు.

కార్లన్నీ తళతళలాడేలా పాలిష్ చేయించాడు. ఫొటోల్లో యార్డు వెనకాల గోడ తీసేసి కొండలు, సముద్రం పెట్టాడు. ధర మాత్రం నిలకడగా పెట్టలేకపోయాడు. పొద్దున ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి వేరేవాళ్ల ప్రకటనలు చూసి, వాళ్లు వెయ్యి దిగితే తను రెండు వేలు దిగాడు.

ఫోన్లు తెగ వచ్చాయి. మనుషులే రాలేదు. వచ్చినవాళ్లు బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఫొటో వంక ఒకసారి, బండి వంక ఒకసారి చూసి, "ఇంట్లో అడిగి చెప్తాం" అని వెళ్లిపోయారు.

బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చిన ఒకాయన అయితే తన ఫోన్ తెరిచి చూపించాడు. ఒకే బండికి పెంచలయ్య మార్చి మార్చి పెట్టిన ఆరు ధరలు అందులో భద్రంగా ఉన్నాయి.

"ఇది సోమారం పెట్టింది, ఇది మంగళారం పెట్టింది. ఇట్టా దిగతా పోతే ఆదివారానికి ఊరికే ఇస్తారేమోనని చూస్తా ఉండా" అన్నాడాయన.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఆ రోజు మాత్రం పెంచలయ్య భోజనం చేయలేదు.

మధ్యాహ్నం ఉస్తాద్ దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు.

"నూట నలభై మంది మన బండ్లకు గుండె గుర్తు పెట్టుకున్నారు ఉస్తాద్. ఒక్కడూ కొనడం లేదు. ఎంత ధర పెడితే పోతాయో మీరే చెప్పండి."

ఉస్తాద్ ధర మాట ఎత్తలేదు.

"ఆ పదకొండు బండ్ల గురించి ఫోన్లో రాసినావు కదా. అదంతా కాగితం మీద రాసుకురా. బండికొక చీటీ. పేరు, రంగు, సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు రాయొద్దు. తక్కినదంతా రాయి."

పెంచలయ్య ఫోన్లో ఉన్నది చదవకుండానే గబగబా దించుకొచ్చాడు. ఉస్తాద్ చీటీలు తీసుకుని పేకముక్కల్లా కలిపి మళ్లీ అతని చేతికే ఇచ్చాడు.

"ఏ బండి చీటీ ఆ బండి అద్దానికి పెట్టిరా."

ఇదేం పెద్ద పనని పెంచలయ్య ఎండలోకి నడిచాడు. మొదటి చీటీ తీశాడు. 'డాక్టర్ గారి బండి. సింగిల్ ఓనర్. లేడీస్ నడిపినది. షోరూం కండిషన్. ఒక్క గీత లేదు. చూస్తే వదలరు.'

రెండోది తీశాడు. అదీ డాక్టర్ గారిదే.

మూడోదీ, నాలుగోదీ అంతే. ఎవరో రాసిన నాలుగు ముక్కలు బాగున్నాయని తీసుకుని అన్నిటికీ అంటించింది తనేనని అతనికి గుర్తొచ్చింది. తెల్ల సెడాన్ ముందు కాసేపు, ఏడు సీట్ల డీజిల్ బండి ముందు కాసేపు నిలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది. పదకొండు చీటీలూ చేతిలో అలాగే ఉన్నాయి.

తిరిగి వచ్చి ఉస్తాద్ ముందు పెట్టాడు.

"నెల్లూర్లో ఇంతమంది డాక్టర్లుంటే మనకు జబ్బులెందుకొస్తా ఉండాయి అబ్బయ్యా?" అన్నాడు ఉస్తాద్.

పెంచలయ్యకు నవ్వు రాలేదు. సిగ్గేసింది.

ఉస్తాద్ లేచి కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాడు. యార్డుకు వీపు పెట్టి కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి కళ్లకు కట్టుకున్నాడు.

"పో. నీకు నచ్చిన వరసలో ఒక్కో బండి తలుపు తెరిచి మూయి."

పెంచలయ్య ఒక తలుపు మూశాడు.

"ఇది రేబాల రైసుమిల్లు వాళ్ల బండి. దుమ్ములో తిరిగి రబ్బర్లు గట్టిపడినాయి. మార్చాలి."

ఇంకోటి మూశాడు.

"డీజిల్ బండి. ఈ తలుపు ఎప్పుడో దెబ్బ తినింది. పని బాగా చేసినారు, అయినా దెబ్బ దెబ్బే. చెప్పి అమ్మాలి."

పెంచలయ్య ఈసారి కావాలనే దూరంగా ఉన్న బూడిద రంగు కారు దగ్గరికి వెళ్లి, వెనక ఎడమ తలుపు మెల్లగా మూశాడు.

"అది మూసుకోలేదు. కావలి లెక్చరర్ బండి. ఆ తలుపు గట్టిగా లాగాల."

పదకొండు తలుపులకూ పదకొండు బండ్లు చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. తువ్వాలు విప్పి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"నా చెవులకు నలభై ఏళ్ల అలవాటు. నీ ఫోన్ చూసేవాడికి ఆ అలవాటు లేదు. వాడు ఎక్కడో ఉంటాడు, బండి మీద చెయ్యేసి చూడలేడు. వాడికి చెయ్యీ నువ్వే, చెవీ నువ్వే."

"మరి ధర?"

"ధర సంతది. అది పడతా ఉంటే నువ్వు ఆపలేవు, నేనూ ఆపలేను. శుక్రవారం నమాజు అయినాక నేను ఒక్కసారే సంత చూసి పలక మీద రాసేవాణ్ణి. మళ్లీ శుక్రవారం దాకా దాని మీద చెయ్యేసేవాణ్ణి కాదు. ఆ పలక చూసి ఎవరూ నాతో ఆదివారం దాకా ఆగుతామనలేదు."

ఆ వారమంతా పెంచలయ్య రోజుకు రెండు బండ్లు నడిపాడు. కోవూరు దాకా ఒకటి, ముత్తుకూరు దాకా ఒకటి. గతుకుల్లో నడిపాడు, ఏసీ వేసి నడిపాడు, వెనక సీట్లో వాళ్లావిణ్ణి కూర్చోబెట్టి నడుం నొప్పి వస్తుందేమో అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమెకు మొహమాటం తక్కువ. పెంచలయ్య పదహారేళ్లుగా బండ్ల మధ్యనే ఉండి, వాటి గురించి ఏం రాయాలో తెలియక ఊళ్లోవాళ్ల మాటలు ఏరుకున్నాడు. చేతిలో వెన్న పెట్టుకుని నేతికి ఊరంతా తిరిగాడు.

పాత ప్రకటనలన్నీ తీసేసి కొత్తగా రాశాడు. సముద్రం పోయి గోడ వచ్చింది. గీతలున్న చోట దగ్గర నుంచి ఫొటో తీసి పెట్టాడు. లెక్చరర్ గారి బండి గురించి ఇలా రాశాడు: 'బండి తీయగానే రెండో గేరు మొండికేస్తుంది, పది నిమిషాలకు మాట వింటుంది. వెనక ఎడమ తలుపు గట్టిగా లాగాలి. ఇంట్లో కుక్క ఉండేది, సీటు మీద గోళ్ల గీతలున్నాయి. ఇంజన్ నేనే విప్పి చూశాను, దానికి నాదే పూచీ. ఈ ధర శుక్రవారం దాకా మారదు.'

మొదటి వారం ఫోన్లు సగానికి సగం పడిపోయాయి. కానీ చేసినవాళ్లు తగ్గిస్తారా అని అడగడం మానేసి, ఆ గేరు సంగతేంది, ఆ దెబ్బ ఎట్టా తగిలింది అని అడిగారు. అడిగినవాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లకు ఫోన్లో చూసిన బండే యార్డులో కనిపించింది.

రైసుమిల్లు బండి పోయింది. దెబ్బ తిన్న డీజిల్ బండి, ఆ దెబ్బ గురించి చదివే వచ్చానని చెప్పి ఆత్మకూరు నుంచి ఒకాయన తీసుకెళ్లాడు. సంతలో ధర ఇంకా కిందికి జారుతూనే ఉంది. పెంచలయ్య శుక్రవారం ఒక్కసారి మాత్రమే దాన్ని చూశాడు. నెలాఖరుకు ఒక్కరోజు ముందు నాటికి ఏడు బండ్లు గేటు దాటాయి.

ఎనిమిదో బేరం ఆఖరి రోజు వచ్చింది. ఉదయగిరి పశువుల ఆసుపత్రిలో పనిచేసే హేమలత లెక్చరర్ బండి కోసం బస్సెక్కి వచ్చింది. ఊళ్లన్నీ తిరిగే ఉద్యోగం ఆమెది. బండి నడిపింది. రెండో గేరు దగ్గర నవ్వింది. వెనక తలుపు తనే గట్టిగా లాగి వేసింది. కుక్క గీతల మీద చేత్తో నిమిరి, "నా బండిలోకి ఇంతకంటే పెద్దవే ఎక్కుతాయిలే" అంది.

కుర్చీలో ఉస్తాద్ టీ తాగుతున్నాడు. పెంచలయ్యకు బోర్డు మీద తన పేరు కళ్ల ముందు కదిలింది.

హేమలత తాళాలు చేతిలో పెట్టుకుని ఆగింది.

"బండి బాగుందన్నా. ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. వచ్చే నెల ధర ఇంకా తగ్గుద్దా?"

ఇదివరకటి పెంచలయ్య అయితే, రేపటికే పెరుగుతుంది మేడం, ఇప్పుడే తీసుకోండి అని చెప్పేవాడు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అతను ఆమె చేతిలోని తాళాల వంక చూశాడు.

"తగ్గినా తగ్గొచ్చు మేడం. రెండు శుక్రవారాలుగా దిగతానే ఉండాది. మీకు తొందర లేకపోతే ఇంకో రెండు వారాలు ఆగి చూడండి."

"అయితే ఆగతానన్నా" అని తాళాలు అతని చేతిలో పెట్టి, గేటు బయట ఆటో ఎక్కింది.

పెంచలయ్య వచ్చి ఉస్తాద్ కుర్చీ పక్కన కూలబడ్డాడు. తలెత్తలేకపోయాడు.

"తప్పు చేసినానా ఉస్తాద్?"

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టి, జేబులోంచి ఫోన్ తీసి హైదరాబాద్ కంపెనీకి చేశాడు.

"బాబూ, నెల్లూరు నుంచి మొహిద్దీన్ని. ఆ స్థలం ఇవ్వడం కుదరదు."

అవతల మనిషి ఏదో అడిగాడు. ఉస్తాద్ విన్నాడు.

"ఓనర్ని నేను కాదు నాయనా. ఆయన ఇప్పుడే ఒక బేరం చేసొచ్చి నా పక్కన కూర్చోనుండారు."

పెంచలయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు. ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే, కూర్చోమని ఉస్తాద్ చేత్తో సైగ చేశాడు.