ముందే కట్టిన ఏనుగులు

ఇది చిన్న కథ. నోట్లో వేసుకున్న తాంబూలం నమిలేలోగా అయిపోతుంది. అయితే ముందు తిరువేంగళాచార్యుల అలవాటు చెప్పుకోవాలి. ఎవరేమి అడిగినా ఆయన జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్లు వెంట నడవాలి. ఆ మధ్య సర్పంచిగారు మోక్షమంటే ఏమిటని అడిగి, ఆయన వెంట పశువుల సంతదాకా నడిచి, గేదెను కొనుక్కొచ్చారు. మోక్షం సంగతి ఇంకా తేలలేదు గాని, గేదె పూటకు నాలుగు లీటర్లిస్తోంది.

సరే, కథకు వద్దాం. ఆచార్యుల శిష్యుడు వరదయ్యకు పులిహోర వల్ల ఊళ్లో మంచి పేరు, అనుమానాల వల్ల మఠంలో చెడ్డ పేరు. మూడు రోజులుగా అతడు దేవుడికి దీపం పెట్టడం మానేశాడు. నాలుగో రోజు పొద్దున్నే బట్టలు మూటగట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు.

“స్వామీ, రేపు తానేం చేస్తాడో దేవుడికి ఇవాళే తెలుసు గదా. తెలిసినట్టే చేసి తీరాలంటే ఆయనకు స్వేచ్ఛ లేదు. మార్చుకోగలడంటే ఆయనకు తెలిసింది తప్పు. కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నవాణ్ణి నేనేమని వేడుకోను? జవాబు దొరక్కపోతే సాయంత్రం బస్సుకు మా ఊరు పోతాను.”

ఆచార్యులు చెప్పులు వేసుకున్నారు. వరదయ్య మూటతో సహా వెంట నడిచాడు.

ఇద్దరూ బుచ్చిరాములు ఇంటికి వెళ్లారు. అతడు చిటికి చీరలు నేస్తాడు. ఆ నేతలో నూలును ముందే చట్రం మీద పరచి, రంగు అంటకూడని చోటల్లా సైకిలు ట్యూబు ముక్కలతో ముడులు కట్టి, రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కకముందే బొమ్మలన్నీ నూలులోనే ఉంటాయి. ఆ వేళకు మగ్గం మీద మూరెడు చీర తయారై ఉంది.

“తరవాత ఏమొస్తుంది?” అని ఆచార్యులు అడిగారు.

“ఏనుగులు అయ్యగారూ. వాటి మీద చిలకలు. పోగు కూడ తప్పదు.”

వరదయ్య ముందుకొచ్చాడు. “అయితే నువ్వు ఇరుక్కుపోయినట్టే. ఇప్పుడు నెమలి కావాలంటే?”

“నన్నెవరు ఇరికించిన్రయ్యా? ముడులు కట్టింది నేనే గద. ఏనుగు మీద మనసై కట్టిన.”

“కట్టింది నిన్నటి బుచ్చిరాములు. ఇవాళ్టి బుచ్చిరాములు వాడికి కట్టుబడ్డాడు.”

పక్కన కూర్చుని నూలు ఆసు పోస్తున్న అతడి భార్య అండాలు తలెత్తకుండానే అంది: “నిన్నటాయన, ఇయ్యాల్టాయన ఒక్కరే బాపూ. ఇద్దరికీ నేనే వండిపెడుతున్న.”

వరదయ్య మూట కింద పెట్టాడు. ఆచార్యులు అతడికేసి చూసి, “మనిషికి నిన్నా నేడూ ఉన్నాయి నాయనా. దేవుడికి అవీ లేవు” అన్నారు. అతడు చట్రం పక్కన చతికిలబడి, ఒక ట్యూబు ముక్క తీసుకుని, ముడి ఎలా వెయ్యాలో అడిగాడు.

సాయంత్రం బస్సు వచ్చి పోయింది. వరదయ్య మఠానికీ రాలేదు, సొంతూరికీ పోలేదు. బుచ్చిరాములు ఇంట్లోనే ఉండిపోయి చిటికి కడుతున్నాడు. సందెవేళ అక్కడే దేవుడికి దీపం పెడుతున్నాడు.

శిష్యుణ్ణి పోగొట్టుకున్న ఆచార్యులను సర్పంచిగారు ఉండబట్టలేక అడిగారు. “అతడు అక్కడే ఉండిపోతాడని మీకు ముందే తెలుసా స్వామీ?”

“తెలుసు.”

“మరెందుకు తీసుకెళ్లారు?”

“తీసుకెళ్లాలనిపించింది” అన్నారు ఆచార్యులు.