రాతిమిట్టలో లోనున్నయ్య వెలసిన కథ

రాతిమిట్ట బజారులో పాత్రల దుకాణాలు దాటగానే నేలలోకి దిగే మెట్లు కనిపిస్తాయి. అవి అరవై నాలుగు. కిందికి వెళితే పొడవైన ప్లాట్‌ఫారం, టిక్కెట్లు అమ్మడానికి కట్టిన నాలుగు కిటికీలు, సగంలో ఆగిపోయిన పట్టాలు ఉన్నాయి. గోడల వెంట ఏడాది పొడవునా నీరు కారుతుంది. ఈ స్టేషనులో నేటివరకు ఒక్క ప్రయాణికుడూ రైలెక్కలేదు. ప్లాట్‌ఫారం చివర, ఇనుప తలుపు అవతల, చెయ్యి చాచి నిలబడిన మనిషివంటి రాయి ఉంది. ఆయనే లోనున్నయ్య.

పూర్వం ఇక్కడ భూగర్భ రైలు కోసం సొరంగం తవ్వుతున్న రోజులలో కర్నూలు సీమ నుంచి నలభై వడ్డెర కుటుంబాలు వచ్చి మిట్ట పక్కన గుడిసెలు వేసుకున్నాయి. వారిలో ఓబన్న రాయి కొట్టేవాడు. ఆయన భార్య సుంకులమ్మ తట్ట మోసేది. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరు రేకుబిళ్ళను పైనున్న బోర్డుకు తగిలించి, తిరిగి వచ్చాక తీసుకోవాలి. సాయంత్రం బోర్డు దగ్గర తొక్కిసలాటగా ఉండేది. అందువల్ల వంటకోసం ముందుగా పైకి వచ్చే ఆడవాళ్ళు తమ మగవాళ్ళ బిళ్ళలు కూడా తీసి కొంగున ముడివేసుకునేవారు. అలా చేస్తే ముఠా మొత్తాన్ని పనిలోంచి తీసివేస్తామని ఇంజనీరు కట్టడి చేశాడు. అయినా ఆ అలవాటు పోలేదు.

ఒక సాయంత్రం సొరంగం చివర రాయి పగిలి నీళ్ళు పడ్డాయి. హోరు విని అందరూ పైకి పరుగెత్తి వచ్చారు. ఓబన్న రాలేదు. నీరు బజారు మీదికి రాకుండా కిందనున్న ఇనుప తలుపును పైనుంచి గొలుసు వదిలి దించమని ఇంజనీరు కేక వేశాడు.

"నా మగడు రాలేదు మామా!" అని సుంకులమ్మ పెద్దమేస్త్రి తిమ్మప్పను పట్టుకుంది.

"వాని బిళ్ళ బోర్డు మీద లేదు గదమే! ఎప్పుడో పైకొచ్చినాడు. కల్లు అంగట్లో చూసుకోపో, రోజూ దొరికే చోటే!" అన్నాడు తిమ్మప్ప. ఆ గాభరాలోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆమె కొంగున రెండు బిళ్ళలున్నాయి. ముడి విప్పితే చాలు. సుంకులమ్మ చుట్టూ ఉన్న ఆడవాళ్ళను చూసింది. ఎవరూ తల ఎత్తలేదు. నలభై పొయ్యిలు కళ్ళముందు మెదిలి ఆమెకు నోరు పెగల్లేదు. ఆ కాస్తసేపట్లో తలుపు దిగిపోయింది.

అప్పుడు కొంగు విప్పి, "లోన ఉండాడయ్యా! బిళ్ళ నేనే తీస్తిని!" అని నేలమీద పడింది. ఇంజనీరు వెంటనే తలుపెత్తమన్నాడు. అవతల నీటి బరువు ఆనుకోవడంతో అది జానెడు కూడా లేవలేదు. లోపలినుంచి మూడుసార్లు సుత్తిచప్పుడు వినిపించిందని, తరువాత వినిపించలేదని పెద్దలు చెబుతారు.

ఇరవై ఒక్క రోజులు నీళ్ళు తోడారు. సుంకులమ్మ ఆ తలుపు దగ్గరే పడి ఉంది. చివరి రోజు మధ్యాహ్నం కన్ను మూతపడగా ఓబన్న తడిసిన బట్టలతో కలలోకి వచ్చాడు.

"నేను ఈడనే ఉంటా. మనిషి ముఖం చూడకుండా ఇంకెన్నడూ ఈ తలుపు దించనియ్యద్దు" అన్నాడు.

"నామీద కోపమా?" అని ఆమె అడిగింది. ఆయన చెయ్యి చాచాడు. అంతలో ఆమెకు మెలకువ వచ్చింది.

తలుపు ఎత్తి చూస్తే శవం లేదు. పట్టాలు పోవలసిన దారికి అడ్డంగా ఈ రాయి నిలబడి ఉంది. దానిని పగలగొట్టమంటే ఒక్క వడ్డెరా సమ్మెట ఎత్తలేదు. ఏ పని పోతుందని ఆమె నోరు మూసుకుందో, ఆ పనిని నలభై కుటుంబాలూ తమంతట తామే వదిలి వెళ్ళిపోయాయి. రైలుదారిని మరోవైపు మళ్ళించారు. సుంకులమ్మ మాత్రం తన చంటికూతురితో ఇక్కడే మిగిలి, ఆ రాతికి దీపం పెడుతూ, వచ్చిన ప్రతివారికీ తన తప్పు చెబుతూ ముసలిదై కన్నుమూసింది.

నేటికీ ఆమె వంశపు స్త్రీలే మెట్లపైన కూర్చుని, దిగేవారినీ ఎక్కేవారినీ ముఖాలు చూసి గుర్తుపెట్టుకుంటారు. ఇక్కడ ఒకరి మొక్కు మరొకరు చెల్లించకూడదు. సాయంత్రం తాళం వేసేముందు చివరి మెట్టు మీద నిలిచి, "లోన ఎవరన్నా ఉండారా?" అని మూడుసార్లు అడిగి, కొంతసేపు చెవి ఒగ్గి వింటారు. అంతసేపూ భక్తులు మాట్లాడకూడదు.

చెప్పవలసిన మాట గొంతులో ఆగిపోయినవారు స్వామిని దర్శించి, పైకి వచ్చేలోగా దానిని బయట పెట్టేస్తే గుండెబరువు దిగుతుందని నమ్మకం. ఎందరికో దిగింది. సుంకులమ్మకు మాత్రం దిగలేదని ఆమె వంశంవారే చెబుతారు.