సూరమ్మ సొరబుర్రకు ముద్ర

ఏడుగుట్టల అడవిలో నీళ్ళకు కరువు లేదు, వాటిని అందుకోవడానికే కరువు. గుట్టల నడుమ రాతిలో లోతైన దొన ఒకటి ఉంది. మండువేసవిలోనూ అందులో నీళ్ళుంటాయి, కాకపోతే ఎక్కడో అడుగున. ఏనుగు తొండం దించి తాగుతుంది. కోతి చెట్ల వేళ్ళు పట్టుకుని దిగుతుంది. కుందేళ్ళూ ఉడుతలూ అంచున నిలబడి గుటకలు మింగడమే. పోయిన వేసవిలో ముళ్ళపంది సూరమ్మ మరిది దాహం ఆగక దిగబోయి, జారిపడి ముందుకాలు విరగ్గొట్టుకున్నాడు. దుంపలు తవ్వే చెయ్యి అదే. ఆ రోజు నుంచీ సూరమ్మకు ఒకటే ధ్యాస.

సూరమ్మ పనిమంతురాలే. మాటే పడదు. "ఇదేంటమ్మా ఇలా ఉంది" అని ఎవరైనా అన్నారో, వీపు మీద ముళ్ళన్నీ నిక్కబొడుచుకుంటాయి.

ఏడాది తంటాలు పడి ఆమె ఒక సాధనం చేసింది. దొన అంచున పంగలకర్ర, దాని మీద పొడుగాటి వెదురు, వెదురుకి ఒక కొసన రాయి, రెండో కొసన ఎండు సొరబుర్ర. అసలు కిటుకు బుర్ర అడుగున ఉంది. అక్కడ చిన్న కన్నం, లోపల తాటాకు మూత. బుర్ర నీటిని తాకితే మూత తెరుచుకుంటుంది. పైకి లాగితే నీటి బరువుకి అదే మూసుకుంటుంది.

కొత్త వస్తువు కనిపెట్టినవాళ్ళు ఏనుగు కొలువులో అర్జీ పెట్టుకోవడం ఆ అడవి ఆచారం. ఏనుగు పాదముద్ర పడిందంటే మూడేళ్ళపాటు ఆ వస్తువు చేసి ఇచ్చే హక్కు వాళ్ళదే. ఆ హక్కు దక్కితే మరిది కుటుంబానికీ తనకూ తిండికి లోటుండదని సూరమ్మ ఆశ. అర్జీలు రాయడంలో తాబేలు పెద్దయ్యది పండిన చెయ్యి. ఆమె నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళింది.

పెద్దయ్య బుర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గుట్ట కింద ఊళ్ళో మనుషులు ఏతం వేస్తారు. నీది దానికన్నా ఏం వేరమ్మా?"

"ఏతం తొక్కాలంటే మనిషంత బరువు కావాలి తాతా. నాది కుందేలు పిల్లైనా లాగుతుంది. వంచి ముంచే పనే లేదు, మూత దానంతటదే చూసుకుంటుంది."

"బాగుంది. మరి ఎప్పుడు చెడిపోతుంది?"

"చెడిపోవడమేంటి?"

"చెడిపోని వస్తువు లోకంలో ఉందా తల్లీ? ఈ మూత ఎప్పుడు సరిగా మూసుకోదు? ఎందుకు మూసుకోదు?"

సూరమ్మ ముళ్ళు లేచాయి. "ఏడాది కష్టపడి చేసుకొస్తే మీరు ముందే అపశకునం పలుకుతారేంటి?"

"నేను అడక్కపోతే రేపు కొలువులో ఇంకొకరు అడుగుతారు. పది రోజులు వాడి చూసి రా. అందాకా నలుగురిలో పెట్టకు. నలుగురూ చూసేసినదానికి ఏనుగు ముద్ర వెయ్యడు, అది నలుగురిదీ అయిపోతుంది. ఆఁ, నా కూలి రెండు దోసకాయలు, ముందే ఇవ్వాలి."

"మీకో దండం, మీ ప్రశ్నలకో దండం" అని సూరమ్మ బుర్ర లాక్కుని వచ్చేసింది.

దారిలో నక్క పుల్లయ్య ఎదురయ్యాడు. ఏ ఎండకా గొడుగు పట్టే రకం. సంగతంతా విని రెండు చేతులూ జోడించాడు.

"అక్కా, నీ కాళ్ళకు మొక్కాలి! ఇంత గొప్ప వస్తువులో ఆ ముసలాయనకు తప్పులు కనిపించాయా? అర్జీ నేను రాయిస్తాను. ఊరూరా చాటింపు నేను వేయిస్తాను. కూలి అంటావా, తోబుట్టువు దగ్గర కూలేంటి?"

"నలుగురికీ చూపించొద్దన్నాడు తాత."

"చూపించకపోతే ఎవరికి తెలుస్తుందక్కా? ఇప్పపూల జాతరకు అడవంతా దొన ఒడ్డుకే వస్తుంది. అక్కడ పెడదాం. నువ్వు మాట్లాడే పనే లేదు, నీ తరఫున నేను మాట్లాడతాను."

ఎండలో తిరిగి వచ్చిన ప్రాణానికి ఆ మాటలు చల్లని మజ్జిగలా దిగాయి. సూరమ్మ సరేనంది.

జాతరలో జనం విరగబడ్డారు. కుందేళ్ళు వంతులవారీగా లాగి నీళ్ళు తాగాయి. పుల్లయ్య రాయెక్కి గొంతు చించుకున్నాడు. "ఒక్కసారి బిగిస్తే చాలు, జన్మలో ఆగదు! ఎవరికి కావాలో చెప్పండి, వర్షాల్లోపు ఇంటింటికీ పంపిస్తా!" చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, నలభై ఇళ్ళవాళ్ళు తమకు కావాలన్నారు. "మా సాధనం" అంటున్నాడు పుల్లయ్య. 'మా'లో తనూ ఉందని సూరమ్మ మురిసిపోయింది.

తన ఇంటి దగ్గర నీటిగుంటకు ఆమె ఇంకో బుర్ర బిగించుకుంది. తాబేలు ప్రశ్న మాత్రం ఒంట్లో దిగిన ముల్లులా సలుపుతూనే ఉంది. ఎంత కోపంతో తోసేసినా లాగిన ప్రతిసారీ కన్ను మూత మీదికే పోయేది. నాలుగో రోజున బుర్ర కారింది. విప్పి చూస్తే మూత సందులో వేపపుల్ల. మళ్ళీ కారింది, మళ్ళీ అక్కడే పుల్ల. సూరమ్మ మూడు రోజులు మూతి ముడుచుకుని కూర్చుంది. తర్వాత తన వీపు నుంచి రాలిన ముళ్ళు ఏరి, నారతో వరసగా కట్టి, కన్నం కింద జల్లెడలా బిగించింది. చెత్త బయటే ఆగిపోయింది. పుల్లయ్యకు మాత్రం చెప్పలేదు. చెబితే తన పనిలో తప్పుందని ఒప్పుకున్నట్టే కదా!

ఒకనాడు కుందేలు పరుగున వచ్చింది. "పిన్నీ, నక్క మామ సాధనానికి రేపే ముద్రట. నువ్వు రావా?"

"నక్క మామ సాధనమా?"

"అర్జీలో ఆయన పేరే ఉందిగా!"

సూరమ్మ ఉన్నపళంగా లేచింది. రెండు దోసకాయలు పట్టుకుని తాబేలు గుమ్మంలో నిలబడింది. ఏడుపు ఆగలేదు. "చేతులు కాలాక ఆకులు పట్టుకోడానికి వచ్చాను తాతా."

పెద్దయ్య దెప్పిపొడవలేదు. దోసకాయలు లోపల పెట్టి, "ఎప్పుడు చెడిపోతుందమ్మా?" అన్నాడు మళ్ళీ.

ఈసారి ముళ్ళు లేవలేదు. ఉన్నదంతా చెప్పింది.

మర్నాడు దొన ఒడ్డునే కొలువు తీరింది. ఏనుగు ముందు సూరమ్మ తరఫున తాబేలు లేచాడు. "పుల్లయ్యా, ఈ బుర్ర ఎప్పుడు చెడిపోతుంది?"

"చెడిపోవడమా? నేను కనిపెట్టింది చెడిపోదు."

"చెడిపోతుంది" అంది సూరమ్మ. "నీళ్ళలో చెత్త ఉంటే సందులో పుల్ల ఇరుక్కుంటుంది. అదీ ఎడమవైపే. తాటాకు ఈనె నేను కుడివైపుకి పెట్టాను. ఎడమవైపు ఆకు పల్చన."

ఏనుగు దొనలో గుప్పెడు చెత్త వేయించి బుర్ర లాగించాడు. ఏడో లాగుకి బుర్ర కారింది. విప్పి చూస్తే ఎడమవైపునే వేపపుల్ల.

"కన్నతల్లికే బిడ్డ రోగం తెలుస్తుంది" అన్నాడు ఏనుగు. "ఇది సూరమ్మదే."

పుల్లయ్య పళ్ళు కొరికాడు. "అలాగే, ఆమెదే అనుకోండి. జాతరలో అడవంతా చూసింది కదా! చూసినదానికి ముద్ర ఎలా వేస్తారు?"

ఏనుగు తల ఊపాడు. "వాడి బుద్ధి ఎలాంటిదైనా మాట న్యాయమైనదే. ఈ బుర్ర ఇక అందరిదీ. ఎవరైనా చేసుకోవచ్చు."

గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డట్టయింది సూరమ్మకు. ఏడాది కష్టం కళ్ళముందే ఊరిపాలయింది. తప్పు తనదేనని తెలియడంతో ఆ బాధ రెట్టింపయింది. ఏడుస్తూనే తలెత్తి చూస్తే, కుందేళ్ళు అప్పుడే కొలతలు తీసుకుంటున్నాయి. ఇక తన మరిదిలా ఎవరూ జారిపడరు. ఆ మాట తోచి కొంచెం ఊరట కలిగింది, కొంచెమే.

"అమ్మా, ఎవరికీ చూపించనిది ఒకటుంది కదా, అది తియ్యి" అన్నాడు తాబేలు.

ఆమె ముళ్ళ జల్లెడ తీసి బిగించింది. అదే చెత్తనీళ్ళలో వంద సార్లు లాగారు. చుక్క కారలేదు. "ఇలాంటిది ఇదివరకు చూసినవాళ్ళున్నారా?" అని ఏనుగు అడిగితే ఎవరూ నోరెత్తలేదు. జల్లెడ మీద పాదముద్ర పడింది.

కొలువు ముగిసేసరికి నలభై ఇళ్ళవాళ్ళు పుల్లయ్యను చుట్టుముట్టారు. "జన్మలో ఆగనిది ఇస్తానన్నావు, ఏదీ?"

తాను తవ్విన గోతిలో తానే పడ్డ పుల్లయ్య జనంలోంచి దూరి వచ్చి సూరమ్మ ముందు నిలబడ్డాడు. "అక్కా, నలభై జల్లెడలు చేసిపెట్టు. తోబుట్టువులం కదా!"

"చేస్తాను తమ్ముడూ. వాళ్ళ ఇళ్ళకు నేనే తీసుకెళ్ళి బిగిస్తాను" అంది సూరమ్మ. "నా తరఫున మాట్లాడటానికి పెద్దయ్య ఉన్నాడులే."

నీతి: పని ఒకరి చేతిలో పెట్టేముందు, ఎంత బాగుందో చెప్పేవాణ్ణి కాదు, ఎక్కడ చెడుతుందో అడిగేవాణ్ణి వెతుక్కోవాలి.