రాగిగింజలో కత్తెరమ్మలు

అనగనగా ఒక ఊళ్ళో, రాగులు తప్ప ఇంకేమీ పండని ఊళ్ళో, గంగులమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె రాగులు వేయించిందంటే వీధి చివరిదాకా కమ్మటి వాసన. తన చేతికున్న ఆ పేరంటే ఆమెకి ప్రాణం. అంతకంటే ప్రాణం, ఇంకా పళ్ళు కూడా సరిగ్గా రాని కొడుకు బుజ్జిగాడు.

కాళ్ళాడించకే తల్లీ, దుప్పటి జారిపోతోంది. ఆఁ, వింటున్నావా?

ఆ బుజ్జిగాడికి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గింది గానీ గొంతులోకి ఏదీ దిగట్లేదు. చిక్కి సగమైపోయాడు. గంగులమ్మకి గుండె నీరైపోయింది.

మొదట మామూలు రాగిపిండితో జావ కాచింది. అది బంకలా గట్టిపడింది. పిల్లాడు మింగలేక ఉమ్మేశాడు. పోనీ అని నీళ్ళు పోసి పల్చన చేస్తే తాగాడు గానీ, వట్టి నీళ్ళతో ఆకలి తీరుతుందా?

అప్పుడు అత్తగారు ఓబుళమ్మ, "రాగులు మొలకకట్టి చూడవే. గింజలో కత్తెరమ్మలుంటారు, నీళ్ళు తగిలితే లేస్తారు" అంది.

ఎవరా కత్తెరమ్మలంటావా? రేపు నీ బడిలో ఎంజైములంటారులే. గింజలో పిండంటే చక్కెర పూసలు గుచ్చిన పొడుగాటి దండ. అంత పొడుగుంటే తియ్యగా ఉండదు, చిక్కుపడి జావని గట్టి చేస్తుంది. కత్తెరమ్మలు దాన్ని రెండేసి పూసల ముక్కలుగా కత్తిరిస్తారు. ఆ జంట పూసలే మొలక చక్కెర.

సరే, గంగులమ్మ రాగులు నానబెట్టి మూటకట్టింది. మొలకలొచ్చాయి, ఎండబెట్టింది. ఆ తర్వాత ఊరుకుంటుందా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు! మూకుడు పెట్టి ఎర్రగా వేయించింది. వీధంతా ఘుమఘుమ. లోపల కత్తెరమ్మలు పాపం మాడిపోయారు. మళ్ళీ బంక జావే.

ఆ పూట బుజ్జిగాడు ఏడవనైనా ఏడవలేదు. ఊరికే అమ్మ మొహంలోకి చూశాడు. గంగులమ్మ వాణ్ణి గుండెకి హత్తుకుంది. "అత్తా, నా బిడ్డ నాకు దక్కుతాడా?" అంది.

"వేయించకే తల్లీ! అంత వేడికి వాళ్ళు బతకరు. నీ చేతికి పేరు కావాలా, బిడ్డ కడుపు నిండాలా?" అని ఓబుళమ్మ కోప్పడింది.

అప్పుడు గంగులమ్మ మూకుడు బోర్లించేసింది. వేయించకుండా చేటలో మిగిలిన గుప్పెడు మొలకలు తిరగలిలో విసిరింది. ఆ బంక జావనే వేలు ఓర్చుకునేంత వెచ్చగా కానిచ్చి, ఈ పిండి చెంచాడు కలిపింది. కలుపుతూ కూర్చుంది. గరిటె నిలబడే జావ మెల్లగా వదులైంది, ధారగా జారింది. నాలిక్కి తగిలిస్తే బెల్లం వెయ్యకుండానే తీపి! కత్తెరమ్మల పని అయిపోయిందిగా, ఒక్క పొంగు రానిచ్చి చల్లార్చి పట్టింది.

బుజ్జిగాడు ఒక గుటక వేశాడు. ఇంకో గుటక. మూడో గుటకకి చెయ్యి చాచి గిన్నె పట్టుకున్నాడు, ఇక వదల్లేదు. గంగులమ్మ ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు వీధిలోవాళ్ళు, "ఏం గంగులమ్మా, నీ ఇంట్లోంచి వాసన రాలేదే?" అన్నారు. "రాకపోతే పోనీ వదినా, నా కొడుకు తాగాడు" అంది.

మరి ఆ జంట పూసలేమయ్యాయంటావా? వాటిని విడదీసే ఆఖరి కత్తెరమ్మ బుజ్జిగాడి పొట్టలోనే కాచుకునుంది. నీ పొట్టలోనూ ఉంది. అమ్మ ఎంత వండినా ఆఖరి కోత బిడ్డదేనే, నా బంగారం.

పూసకు పూస విడిపోయె,
బుజ్జిగాడి ఆకలి తీరిపోయె,
కత్తెరమ్మ నిద్దరపోయె,
కథేమో కంచికి పోయె.
మనం ఇంట్లోనే ఉన్నాంగా, ఇక కళ్ళు మూసుకో.