తెప్పల మీద వచ్చిన గూళ్లు

ఏనుగుకొండ కింద, ఏటి ఒడ్డున ఉన్న తుమ్మతోపులో గూళ్ల కార్ఖానా ఒకటి ఉండేది. గిజిగాళ్లు ముక్కులతో రెల్లు ఆకు సన్నగా చీల్చి గూళ్లు అల్లేవి. అల్లడం చేతకాని చిన్న పిట్టలు గింజలిచ్చి వాటిని పట్టుకెళ్లేవి. అక్కడ అందరికంటే పాత పనివాడు పోలయ్య అనే గిజిగాడు. అతని భార్య సింగారి ప్రతి ముడినీ ఒకసారి లాగి చూసి, ఊడకపోతేనే గూడు బయటికి పంపేది.

"నా ముడి మీద కూడా నీకు అనుమానమేనా?" అని పోలయ్య ఉడుక్కునేవాడు.

"నీ మీద నమ్మకమేనయ్యా, ముడి మీదే లేదు," అని ఆవిడ నవ్వేది.

ఒక ఎండాకాలం ఏటి అవతలి నుంచి తెప్పల మీద గూళ్లు దిగాయి. కొబ్బరిపీచు ముద్దచేసి అచ్చులో ఒత్తినవి. సగం గింజలకే ఇస్తున్నారు. పిట్టలన్నీ అటు ఎగబడ్డాయి. తుమ్మతోపు గూళ్లు కొమ్మలకే వేలాడుతూ మిగిలిపోయాయి. కార్ఖానా నడిపే కొంగ ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా ఎగిరిపోయింది. ఇరవై కుటుంబాలు పనిలేక కూర్చున్నాయి.

సంగతి తెలిసి, ఆ కొండనేలే ఏనుగుదొర చాటింపు వేయించాడు. అవతలి సరుకు వల్ల పని పోయినవాళ్లకు ఆరు నెలలు కొండ గాదె నుంచి గింజలిస్తారు, కొత్త పని కూడా నేర్పిస్తారు. విచారణ బాధ్యత ఎద్దు వీరన్నది.

పోలయ్య ముఖం తిప్పుకున్నాడు. "చెయ్యి చాచడానికి నా ముక్కేమన్నా విరిగిందా?"

"ఇన్నేళ్లూ ప్రతి పంటకీ మనం ఆ గాదెలో ముక్కెడు గింజలు పోశాం కదయ్యా. ఎందుకు పోశామనుకున్నావు? ఇలాంటి రోజు ఎవరికైనా వస్తుందనేగా! పద," అంది సింగారి.

మిగతా కుటుంబాలతో కలిసి వెళ్లి వరుసలో నిలబడ్డారు. వీరన్న అంతా నెమ్మదిగా విన్నాడు. నెమరు వేసుకుంటూ చాలాసేపు ఆలోచించాడు.

"మీ మాట అబద్ధమని నేననడం లేదమ్మా. కానీ అవతలి సరుకు వల్లే కార్ఖానా మూతపడిందని ఎవరైనా సాక్ష్యం చెప్పాలి. కొంగ లేదు. తెప్పలు తెల్లారకముందే వచ్చి పోతున్నాయట. ఎన్ని వచ్చాయో కళ్లారా చూసినవాళ్లు ఎవరు?"

పోలయ్య రెక్కలు ముడుచుకుని, "నేను చెప్పలేదూ, ఇంటికి పోదాం," అని గొణిగాడు.

సింగారి కదల్లేదు. వరుస చివర నిలబడ్డ నక్క నాగులు మీద ఆవిడ కన్ను పడింది. వాడు జీవితంలో ఒక్క గూడూ అల్లలేదు. ఏటి రేవులో మాత్రం ఎప్పుడూ కనిపిస్తుంటాడు.

"నాగులన్నా, నువ్వూ సాయానికే వచ్చావా?"

"మరి? నేనూ కార్ఖానా పనివాణ్ణేగా! పదేళ్లు అల్లి అల్లి నడుం పడిపోయింది చెల్లీ," అన్నాడు నక్క, మూలుగుతూ.

"అయ్యో పాపం! కానీ ఏం లాభం అన్నా, అవతలి నుంచి గూళ్లే రాలేదంటున్నారు. ఏదో ఒకటీ అరా వచ్చి ఉంటాయట. సాక్ష్యం లేకపోతే నీకూ గింజ రాలదు."

చేతికందే గింజలు జారిపోతున్నాయని నక్క గబగబా ముందుకొచ్చాడు.

"ఒకటీ అరానా? ఏం మాటలయ్యా అవి! శివరాత్రి నుంచీ ప్రతి సంతకీ పది తెప్పలు తక్కువ కాకుండా వచ్చాయి. తెప్పకు వంద గూళ్లు. అవి చూసే గదా కొంగ పారిపోయింది! నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ప్రతి తెప్పనీ ఒడ్డుకు లాగింది నేనే. ఇదిగో, భుజం మీద తాడు ఒరుసుకుపోయిన మచ్చ చూడండి!"

వీరన్న నెమరు ఆపాడు.

"మంచి సాక్ష్యం నాయనా. పోలయ్యా, మీ ఇరవై కుటుంబాలకూ సాయం మంజూరు. మరి నాగులూ, నువ్వు రేవులో తెప్పలు లాగుతుంటే, కార్ఖానాలో గూళ్లు ఎవరల్లారు?"

నక్క భుజం మీది మచ్చ దాచుకుంటూ వెనక్కి జరిగాడు. పిట్టలు ఒక్కసారిగా కిచకిచమని నవ్వాయి. పోలయ్య కూడా నవ్వాడు, కార్ఖానా మూతపడ్డాక మొదటిసారి.

గింజలు వచ్చాయి. చేపలబుట్టలు అల్లడం నేర్పడానికి ఒక ముసలి నీటిపిల్లి వచ్చాడు. పోలయ్య మొదటి బుట్ట అచ్చం గూడులాగే తయారైంది. సింగారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో చేప గుడ్లు పెట్టి పొదగాలేమో!" అంది. నాలుగో బుట్ట బాగా కుదిరింది. రెండు కుటుంబాలు మాత్రం పాత పని వెతుక్కుంటూ పైఏటికి వలస పోయాయి. వాళ్లను సాగనంపుతూ పోలయ్య కంటతడి పెట్టాడు.

తెప్పల వ్యాపారులకు నక్క మాటలు చేరాయి. తమ గుట్టు నలుగురిలో చెప్పినందుకు ఆ వారమే వాణ్ణి పనిలోంచి తీసేశారు. నక్క తోక వేలాడేసుకుని వీరన్న దగ్గరికొచ్చాడు.

"అయ్యా, ఈసారి నిజంగానే నా పని పోయింది. సాయం ఏమైనా..."

"అవతలి సరుకు వల్ల పోతే ఇచ్చేవాణ్ణి నాయనా. నీది నీ నోటి వల్ల పోయింది. దానికి కొండ మీద పథకం లేదు."

పక్కనే ఉన్న సింగారికి జాలేసింది. దొప్పెడు అంబలి పోసి ముందు పెట్టింది. నక్క తల దించుకుని తాగాడు.

పని పోయినవాళ్లకని దాచిన గింజకు ఆశపడితే, చేతిలో ఉన్న పనే పోతుంది.