పేరిందేవమ్మ కంచు గిన్నె

అనగనగా ఒక ఊళ్ళో, అటు పల్లెటూరూ కాదు ఇటు పట్నమూ కాదు, బుద్ధి పుడితే బస్సు ఆగుతుంది లేకపోతే లేదు, అలాంటి ఊళ్ళో పేరిందేవమ్మ అని ఒకావిడ ఉండేది. మనిషి మంచిదే, కాకపోతే నోరు కాస్త ఎక్కువ. ఎవరిలాగా అని అడక్కు, ఊఁ కొట్టు.

ఆవిడ పక్కింట్లోకి బెంగాలు నుంచి ఒక జంట అద్దెకొచ్చారు. ఆయన నగలు చేస్తాడు. ఆమె పేరు మౌసుమి, తెలుగు ముక్క రాదు. తెల్లారేసరికి పొయ్యి మీద ఆవనూనె పెట్టేది. ఆ ఘాటుకి పేరిందేవమ్మ తుమ్మి తుమ్మి, ఆ ఇల్లు అద్దెకిచ్చిన నాగలింగాన్ని పిలిచింది. ఆయన ఆవిడకి మరిదే.

"వాళ్ళని పంపించెయ్యి నాయనా, ఈ వాసన నేను పడలేను" అంది.

"సరే వదినా, పండగ వెళ్ళనీ" అన్నాడు.

అప్పుడు వినాయక చవితి వచ్చింది. ప్రసాదం పంచేటప్పుడు ఒక్క ఇల్లు వదిలేసినా మంచిది కాదు కదా. మూతి ముడుచుకునే మౌసుమికీ ఉండ్రాళ్ళు ఇచ్చింది. ఆ హడావిడిలో ఏ గిన్నెలో పెట్టి ఇచ్చిందనుకున్నావ్? కంచు గిన్నెలో. వాళ్ళమ్మ అందులోనే అన్నం కలిపి గోరుముద్దలు తినిపించేది. అమ్మ పోయాక ఆవిడకి మిగిలింది అదొక్కటే. ఇంటికొచ్చాక గానీ ఆ సంగతి గుర్తు రాలేదు.

మర్నాడు మౌసుమి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా ఉంది, కంచు గిన్నె లేదు. డబ్బాలో కొబ్బరి ఉండలు. మరి ఇరుగింటి గిన్నె ఉత్తది తిరిగివ్వకూడదు, అది మన పద్ధతి. అందుకని పేరిందేవమ్మ డబ్బా నిండా కందిపొడి పోసిచ్చి, నా గిన్నె ఏదమ్మా అని సైగ చేసింది. మౌసుమి నవ్వి, ఆగమని చెయ్యి చూపించింది.

ఆ తర్వాత అదే డబ్బాలో వంకాయ వేపుడు వచ్చింది, ఆవనూనెలో వేయించినది. పేరిందేవమ్మ ఒక ముక్క ముక్కు మూసుకుని తింది. రెండోది ముక్కు వదిలేసి తింది. మూడోది తినేముందు వెళ్ళి వీధి తలుపు వేసుకొచ్చింది. డబ్బాలో గోంగూర పచ్చడి పెట్టిచ్చి, మళ్ళీ గిన్నె అడిగింది. మళ్ళీ ఆగమనే.

మూడోసారి గట్టిగా నిలదీసింది. అప్పుడు మౌసుమి రెండు చేతులూ ఒంటికి చుట్టుకుని గజగజా వణికి చూపించింది. అయ్యో, పిల్లకి చలిజ్వరం కాబోలు, ఇంత జ్వరంలో గిన్నె కోసం పీక్కుతిన్నానే అని పేరిందేవమ్మకి ఏడుపొచ్చింది. గబగబా మిరియాల చారు కాచి తెచ్చి, పక్కన కూచుని తాగించింది. ఆ పిల్లకి జ్వరమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఈ ఊళ్ళో గిన్నె అడిగాక చారు తాగాలేమో అనుకుని, ముక్కు చీదుకుంటూ బుద్ధిగా తాగేసింది.

ఈలోగా నాగలింగం వచ్చి, "పండగ వెళ్ళిందిగా వదినా, పంపించెయ్యనా?" అన్నాడు.

"నా గిన్నె రానీ, అప్పుడు చూద్దాం" అంది.

ఆ తర్వాత చలికాలం వచ్చింది. మౌసుమి వాళ్ళ ఊరినుంచి కొత్త ఈతబెల్లం వచ్చింది. ఆ బెల్లం చలి పడితేగానీ దొరకదు. ఆవేళ కంచు గిన్నె తళతళా తోముకుని, దాన్నిండా పాయసంతో వచ్చింది. అప్పటికి నాలుగు తెలుగు ముక్కలు పట్టేసింది.

"మంచి గిన్నె అమ్మా. ఏదో ఒకటి పెట్టి ఇవ్వకూడదు. చలి వస్తే బెల్లం వస్తుంది, అందుకే ఆగమన్నాను. మా ఊళ్ళో కూడా ఉత్త గిన్నె ఇవ్వం."

వణికింది అందుకా అని పేరిందేవమ్మ పడీపడీ నవ్వింది. పాయసం నోట్లో పెట్టుకునేసరికి మాత్రం వాళ్ళమ్మ గుర్తొచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అంతలో నాగలింగం దిగాడు. "గిన్నె వచ్చేసిందిగా వదినా, ఇక ఇవాళే పంపించేస్తాను."

పేరిందేవమ్మ పాయసం వేరే గిన్నెలోకి వంచుకుంది. కంచు గిన్నె కడిగింది. అప్పుడే కలిపిన పులిహోర దాన్నిండా పెట్టి, మరిది చూస్తుండగానే మౌసుమి చేతికిచ్చింది.

"నా గిన్నె వాళ్ళింట్లో ఉంది. అది తిరిగొచ్చేదాకా వాళ్ళ జోలికి రాకు" అంది.

ఆ గిన్నె ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఒక్కసారీ ఉత్తది రాలేదు.

కథేమో కంచికి,
గిన్నేమో పక్కింటికి,
నిద్రేమో నీ కంటికి.